బొంతకి టికెట్టు

రెండు రోజులు సెలవడిగితే
జ్వరమా అన్నారు, పెళ్ళా అన్నారు.
"కుట్టు నేర్చుకోడానికండి" అన్నాను.
కంట్రోలరు కళ్ళజోడు మీంచి చూసి
"రాజోలు నుంచి అంతర్వేది దాకా
రోజూ జనాన్ని కుడుతూనే ఉన్నావుగా,
చాల్లేదా?" అన్నాడు.

కేశవదాసుపాలెం తుఫాను షెల్టరు.
గాలి లేని రోజుల్లో దానికి పనుండదు.
శనివారం పొద్దున్న తాళం తీస్తే
కిందటేటి పులిహోర పొట్లాల వాసన,
గోడ మీద బొగ్గుతో ఎవరో లెక్కెట్టిన తలలు.
ఆ తలల కిందే చాపలు పరిచాం.

పద్నాలుగు మందిమి. ఆరు మిషన్లు.
నేర్పే కరుణమ్మగారు
నరసాపురం నుంచి పంటు దాటి వచ్చింది.
నలభై ఏళ్ళు లేసు అల్లిన చెయ్యి.
చూపుడువేలు కాస్త పక్కకి తిరిగి
ఎవర్నో పిలుస్తున్నట్టే ఉంటుంది.
"ముందు కత్తెర కాదు, ముక్కు" అంది.
తెచ్చిన బట్టలన్నీ వాసన చూడమంది.
కలరా ఉండలవి ఒక కుప్ప,
వంటింటి పొగవి ఒకటి,
ఉప్పుగాలి తిన్నవి వేరే.
"వీటిని నమ్మకండి,
పైకి గట్టిగా ఉంటాయి, పోగు లాగితే తెలుస్తుంది."

హసీనా తెచ్చిన తళుకు దుపట్టాలో సూది దిగదు.
మంగతాయారుగారు గద్వాల చీర తెచ్చి
దాని మీద కత్తెర పడనివ్వదు,
భోజనాల వేళ దాకా ఒళ్ళోనే పెట్టుకుంది.
నాది ఖాకీ కోటు,
చిల్లర బరువుకి కుడిజేబు సాగిపోయింది.
పల్లిపాలెం వీరవేణి తెచ్చింది
గళ్ళ లుంగీ, సగం.
ఎవరిదని ఎవరూ అడగలేదు.
మిగతా సగం ఎక్కడుందనీ.

మధ్యాహ్నం కరెంటు పోయింది.
మోటారు మిషన్లు నాలుగూ నోరు మూశాయి,
మిగిలినవి రెండే, తొక్కుడువి.
చేతికుట్టుకి దిగాం, అప్పుడు మొదలైంది
సూది కోసం సోదికెళ్ళినట్టు:
చీటీ ఎగ్గొట్టిన వదిన,
తీసేయించుకున్న గర్భసంచి,
ఎండిన రొయ్యల చెరువు,
ముప్పై ఏళ్ళ కింద రాసి
ఇప్పటికీ పోస్టు చెయ్యని ఉత్తరం.
పదిహేనేళ్ళుగా నేను విన్న కథలన్నీ
మలికిపురంలో దిగిపోయాయి.
ఇక్కడ ఎవరూ దిగలేదు.
ఆ ఉత్తరంలో ఏం రాసిందో కూడా చెప్పింది.
నేను చెప్పను.

నా కుట్టు చూసి కరుణమ్మగారు నవ్వింది.
"ఏటమ్మా, గోతులు తప్పించుకుంటూ కుట్టేవా?"
మా రోడ్డు ఆవిడకీ తెలుసు.
దారం విప్పేసింది. బెజ్జాలు మిగిలిపోయాయి.
గోటితో మెల్లగా రుద్దింది,
పోగులు పక్కకి జరిగి
ఒకదాన్నొకటి ఆనుకున్నాయి.
మళ్ళీ సూది ఇచ్చింది.

ఆదివారం చీకటి పడింది, బొంత పూర్తవలేదు.
ఇంకా ఓ మూరెడు అంచు, ఒక మూల మొత్తం.
ఆసుపత్రికి ఇద్దామని ఒకరు, చర్చికని ఒకరు,
చీట్లు వేద్దామని ఒకరు.
గద్వాల చీర ఆఖరికి నడిమి పొరలోకి వెళ్ళింది,
పైకి కనబడదు.
అందుకని మంగతాయారుగారు అలిగింది,
చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యలేదు.
"నా బస్సులో పెట్టండి" అన్నాను.
"వారానికొకరు దించుకోండి,
కుట్టినంత కుట్టి మళ్ళీ ఎక్కించండి."

సోమవారం తొలి ట్రిప్పు.
డ్రైవరు వెనక సీట్లో, కిటికీ పక్కన,
మడతలు పెట్టి కూచోబెట్టాను.
నూకాలరావు అద్దంలో చూశాడు.
"దానికి టికెట్టో?"
"లోపలున్నదంతా ఆడోళ్ళే,
ఆధార్ అడక్కు" అని
సున్నా టికెట్టు కొట్టాను.

గూడపల్లి దాటాక గుర్తొచ్చింది
గళ్ళ లుంగీ.

ఆర్టీసీ సంచి కాదు, నా సొంత పర్సు తీశాను.
ఒక ఫుల్లు, అంతర్వేదికి.
ఎక్కడ ఎక్కాడో తెలీదు కదా,
రాజోలు నుంచే వేశాను.