పదమూడు కిలోల రెండొందలు

కాశీబుగ్గలో, జీడిపప్పు తూచే కాటా మీద
సావుకారు భోజనానికి లేచాక
మా అన్న గేరు సైకిల్ని పడుకోబెట్టాను.
పదిహేడు కిలోల రెండొందల యాభై.
"ఏటే ఇది, సైకిలా, దూడా?" అంది పక్కబల్ల తులసమ్మ.

నా వేళ్లకి బరువు తెలుసు.
పౌనుకి రెండొందల నలభై తూగే పప్పు ఇటు,
మూడొందల ఇరవై తూగేది అటు,
ఎనిమిదేళ్లుగా చూడకుండానే ఏరుతున్నాను.
ఇనుము దగ్గర మాత్రం ఆ వేళ్లు తెల్లబోయాయి.

రైలు పట్టాల అవతల దండాసి షాపు.
స్టాండు తీశాడు. మడ్గార్డులు తీశాడు.
వెనక చక్రంలో పగిలిన ప్లాస్టిక్ పళ్లెం తీశాడు.
కేరియర్ మీద చెయ్యేసి ఆగాడు.
"ఇదీనా?"
"ఇదీను."
రెండు పౌన్లు. అంటే నాలుగొందల ఎనభై పప్పులు.
కొబ్బరికాయల బస్తా బిగించిన తాడు
రంగు గీరేసిన చోటు దానిమీద ఇంకా ఉంది.

ఊడదీసే బరువుకి డబ్బు అక్కర్లేదు.
అక్కణ్నించి గ్రాము గ్రాముకీ రేటే.

ముందు ఫోర్కులో స్ప్రింగులున్నాయని పేరేగానీ
తుప్పుపట్టి ఎప్పుడో నోరు మూసుకున్నాయి.
విశాఖలో ఎవరో కుర్రాడు వాడి వదిలేసిన
అల్యూమినియం ఫోర్కు, పద్దెనిమిది వందలు.
కిలోన్నర పోయింది.
ఆరోజు నుంచి ఉద్దానం గతుకులన్నీ
నేరుగా నా మణికట్టుతోనే మాట్లాడుతున్నాయి.

టైర్లకి దసరా బోనసు. ఆరొందల గ్రాములు.
సీటు గొట్టానికి మూడు శనివారాల ఓవర్‌టైము.
"ఒలే అమ్మీ, సైకిలు కంటే తొక్కేవోళ్ల బరువు తగ్గించడం చవక,
కానీ నీలో తియ్యడానికేటుంది" అన్నాడు దండాసి,
నట్టు నోట్లో పెట్టుకుని.

ఢిల్లేశన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్.
ఎక్కేముందు కాటా, దిగాక కాటా.
"ఈయేళ ఎంత తీసారన్నా?"
"రెండు కిలోల మూడొందలు. నీది?"
"రెండొందలు."
"దానికెంతయిందే?"
"ఆరొందల యాభై."
"నాది ఫ్రీ" అని నవ్వాడు.
తనది గురువారానికల్లా మళ్లీ ఎక్కేస్తుంది.
సైకిలుది ఎక్కదు.
ఆ మాట నేను అనలేదు.

అన్న ఎడమ చేతికి చెవి ఆనిస్తే
లోపల తేనెపట్టు కదిలినట్టుంటుంది.
ఆ చేత్తో బరువులెత్తొద్దన్నారు.
మా అరుగుకి నాలుగు మెట్లు.
రాత్రి సైకిలు లోపల పెట్టడం ఎప్పుడూ అన్న పని.
పోయిన వానాకాలం, రెండో మెట్టు మీద,
ఎక్కలేక దిగలేక కాసేపు నిలబడి
సైకిల్ని గోడకి ఆనించి కూర్చున్నాడు.
వాన పడుతూనే ఉంది.
మేమిద్దరం సైకిలు వైపే చూశాం.
మర్నాడే దాన్ని కాటా ఎక్కించాను.

పదమూడు కిలోల రెండొందలు అయిన రాత్రి
చేతికి అంటిన జీడి కడుక్కోకుండానే
మెట్ల కింద ఆపి ఊరికే నిలబడ్డాను.
అన్న వచ్చాడు. కుడిచెయ్యి గొట్టం కింద దూర్చాడు.
ఒకటి. రెండు.
మూడో మెట్టు మీద ఊపిరి తీసుకున్నాడు. నాలుగు.
పైకెళ్లాక కూడా దించలేదు,
సంతలో కోడిని పట్టుకున్నట్టు పట్టుకుని
అటూ ఇటూ తిప్పి చూశాడు.
"కేరియర్ ఏదే?"
"తీయించేశాను."
"మరి నన్నెక్కడ కూకోబెడతావు?"

నా కేరియర్నే నాకు నలభై రూపాయలకి అమ్మాడు దండాసి.
రెండు బోల్టులు పోయాయి, వేరేవి వేశాడు, అవి కొంచెం పొడుగు.
కాటా మీద మళ్లీ పెట్టలేదు.

గురువారం పొద్దున్న, జీడితోటల మధ్య,
వెనక ఒక గోనెసంచి మడతేసి దానిమీద అన్న,
ఒళ్లో ఆస్పత్రి ఫైలు.
చిన్న ఎత్తు వస్తే చాలు,
"గేరు మార్చే" అంటాడు.
మారుస్తాను.
"అది కాదు, ఇంకోటి."