ఎర్ర కుళాయి

జూలైలో ఈ ఊళ్లో
నీలం కుళాయి తిప్పితే కాగిన నీళ్లొస్తాయి,
ఎర్రది తిప్పితే చల్లటివి.
మిద్దె మీద ట్యాంకు పొద్దెక్కకముందే పొగలు కక్కుతుంది.
స్విచ్చి ఆపేసిన గీజరే
నాలుగు నెలలు మాకు కుండ.

రూవీలో ఈ మూడో అంతస్తుకి
ఎవరు భోజనానికొచ్చినా
చేతులు కడుక్కోబోతుంటే అంటాను,
"ఎర్రదండీ, ఎర్రది."
పదిహేడేళ్లుగా అంటున్నాను.
నీలవేణి వంటింట్లోంచి నవ్వుతుంది,
ఈయన బతుకులో కనిపెట్టింది ఇదొక్కటే అన్నట్టు.

గీజరులో చల్లదనం ఇద్దరికే సరిపోతుంది.
ముందు పిల్లలు.
తర్వాత ఆమెకి గోరువెచ్చన.
ఆఖరున నాకు
పప్పు ఉడికే నీళ్లు.

ఇవాళ శుక్రవారం.
పద్దు స్నానానికెళ్లి పావుగంటైంది.
మొన్నటిదాకా వీపు రుద్దమని కేకేసేవాడు,
ఇప్పుడు లోపల గడియ.
తలుపు బయట నేను,
నా చేతిలో ఎవరూ అడగని తువ్వాలు.

నలభై ఎనిమిది.
నిజ్వా దారిలో సమాయిల్ దగ్గర బండాపి
టీ తాగి
టైర్లు ఓసారి కాలితో తన్ని చూసుకునే వయసు.

మంగలి యాకూబ్ భాయ్ రంగు వెయ్యనా అని అడగడం మానేశాడు,
నేను కుర్చీలో కూర్చోగానే గిన్నెలో కలిపేస్తాడు.
మొన్న వద్దన్నాను.
బ్రష్షు గాల్లో ఆగింది.
కాసేపాలోచించి,
"పోనీ కనుబొమ్మలకైనా?" అన్నాడు.

క్లినిక్కులో షీజా సిస్టరు వేలు గుచ్చి
నూట నలభై రెండంది,
లెక్కల్లో మార్కులు చదివినట్టు.
ఇంటికొచ్చి నూట ఇరవై అని చెప్పాను.
నీలవేణి ఏమీ అనలేదు,
టీలో చక్కెరా వెయ్యలేదు.
నా అంకెలకి ఎంత కలుపుకోవాలో
ఆమెకెప్పుడో తెలుసు.

మధ్యాహ్నం ఏసీ ఫిల్టరు కడగాలి.
స్టూలుకి ఒక కాలు పొట్టి,
కింద పాత డైరీ పెట్టి సర్దాం.
ఇన్నేళ్లూ నేనెక్కేవాణ్ణి, ఇందుజ పట్టుకునేది.
ఇవాళ నన్ను మోచేత్తో పక్కకి జరిపి
తనే ఎక్కేసింది.
"గట్టిగా పట్టుకో, చూపులెక్కడో పెట్టకు" అంది పైనుంచి.
ఆ మాట నాది!
ఏళ్ల తరబడి నేను కిందికి పంపిన మాట
దుమ్ముతో కలిసి నా నెత్తినే రాలింది.
కంట్లో నలుసు పడిందన్నాను.
నిజంగానే పడింది కూడా.

సాయంత్రం మత్రా ఒడ్డున
గోడ మీద నలుగురం.
పల్లీలు రెండు పొట్లాలు.
సముద్రం కూడా వేడిగానే ఊపిరి వదులుతోంది.
ఇందుజ చెప్పింది,
ఇంజనీరింగు కాదట, తాబేళ్ల గురించి చదువుతుందట.
ఏ ధర విన్నా రూపాయల్లోకి మార్చే బుర్ర నాది,
మొదట్లో వందతో హెచ్చవేసేది,
ఇప్పుడు రెండొందల పైచిలుకుతో.
తాబేలుకి ఎంత కట్టాలో తేలక
ఆగిపోయింది.
"గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది కదా తల్లి,
పిల్లలకి దారెవరు చెప్తారు?" అన్నాను.
"ఎవరూ చెప్పరు నాన్నా" అంది
పల్లీ పొట్టు ఊదుతూ.

రాత్రి రెండింటికి లేచాను.
ఈ వయసులో లేస్తారు.
స్నానాల గదిలో లైటు వేస్తే
మూలన నిండు బకెట్టు,
పైన స్టీలు పళ్లెం మూత,
మూత మీద రూళ్ల కాగితం ముక్క.
నీలవేణి సెలవుల్లో కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు,
పెన్సిలు గట్టిగా నొక్కి:
"నానది".

ఒత్తు మర్చిపోయాడు.
షెల్ఫులో నా కళ్లజోడు పక్కన పెన్నుంది.
తీశాను, మళ్లీ పెట్టేశాను.
మూత కదపకుండా
బకెట్టు పొట్ట మీద అరచెయ్యి ఆనించి చూశాను.

ఇంకా వెచ్చగానే ఉంది.
ఐదింటికల్లా చల్లారుతుంది.