మూడో షిఫ్టు కూత

ముందు ఒకటి దిద్దుకోండి.
మేం నలుగురం కాదు, అయిదుగురం.
రికార్డు అట్టమీద నేనుండను.
ఆంప్లిఫయర్ మోసేవాడికి బొమ్మెందుకని
కపెంబ్వా అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను.
అది డెబ్బై మూడు.

చింగోలా, గని కాలనీ, ఆరో వీధి.
వాళ్ళమ్మ స్నానాల గది తలుపు కోసి
గిటారు చేశాడు వాడు.
ఆవిడ గోనెపట్టా అడ్డం కట్టుకుని
నీళ్ళు పోసుకుంటూ లోపల్నుంచి తిట్టేది.
ఆ తిట్లే మా మొదటి పాటకి పల్లవి.

చుట్టడానికి రాగితీగె కావాలి.
కాళ్ళకింద ఎంత తవ్వితే అంత రాగి,
మాకు మాత్రం మూరెడు గతిలేదు.
లుబిండా పాడైన మోటారు విప్పి
అన్నం డబ్బాలో ఎండుచేపల కింద దాచి
గేటు దాటించాడు.
కాపలావాడు మూత తీసి వాసన చూసి
"ఉప్పెక్కువైనట్టుందే" అన్నాడంతే.
ఆదివారం వెల్ఫేర్ హాల్లో
ముందు వరసలో వాడే, చెప్పులు చేతబట్టుకుని.

శ్రుతి సంగతి కదూ మీరడిగింది?
ఊళ్ళో ఒక్కటే పియానో, చర్చిలో.
తాళంచెవి పాస్టరుగారి మొలతాడుకి.
అందుకని రాత్రి పదకొండుకి
మూడో షిఫ్టు కూత వేస్తే
ఆ కూతకి లావుతీగె బిగించేవాడు కపెంబ్వా.
మిగతావి దాని భుజంమీద చేతులేసుకుని
చీకట్లో గుడ్డివాళ్ళలా నడిచొచ్చేవి.
కూత అరనిమిషం.
తప్పిందా, మర్నాడు పొద్దుటిదాకా అపశ్రుతే.

రాజధానిలో ఒక్క మధ్యాహ్నం రికార్డింగు.
"మీ వాయిద్యాలన్నీ శ్రుతి తగ్గాయి" అన్నాడు స్టూడియో ఆయన.
"అయితే మీ పియానోని ఓసారి మా గనికి పంపండి" అంది ఎస్నాట్.
ఆసుపత్రి దుప్పట్లుతికే పిల్ల.
గొంతు విప్పితే సబ్బువాసన వచ్చేది,
నిజం, నవ్వకండి.

మూడొందల కాపీలు. నలభై అమ్ముడుపోయాయి.
తర్వాత రాగి ధర పడింది.
ఆంప్లిఫయర్ రెండు బస్తాల మొక్కజొన్న పిండికి పోయింది.
నేనే మోశాను, అటు కూడా.

ఆ తర్వాత ఆ జబ్బు.
పేరు పెట్టేవాళ్ళం కాదు, దగ్గు అనేవాళ్ళం.
లుబిండా దగ్గాడు. ఎస్నాట్ దగ్గింది.
బేస్ వాయించే సిముసోక్వే దగ్గకుండానే
ఒక శనివారం లేడు.
కపెంబ్వా వార్డులో ఎముకల మూటై పడుకుని
పదకొండింటికి కూత వినపడగానే
దుప్పటిలోంచి చెయ్యి తీసి
గాల్లో ఏదో బిగించేవాడు.
నర్సు నీళ్ళనుకుని గ్లాసందించేది.

గిటారు ఏమైందో తెలీదు.
ఆవిడ మాత్రం పోయేదాకా
ఆ గదికి తలుపు పెట్టించలేదు.

ఇప్పుడు మీరు అంతదూరం నుంచి
ప్లాస్టిక్ కవరులో మా రికార్డు పెట్టుకొచ్చి,
మళ్ళీ అచ్చేస్తాం, డబ్బిస్తాం,
ఆ కాస్త శ్రుతీ కంప్యూటర్లో
నిమిషంలో సరిచేస్తామంటున్నారు.

టీ తాగండి, చల్లారిపోతోంది.

కూత తీసేశారు. తుక్కు కింద అమ్మారు.
షిఫ్టు వేళలు ఇప్పుడు ఫోన్లో వస్తాయి.
నాకా, ఆ పెట్టె పక్కనే నిలబడీ నిలబడీ
కుడిచెవి పోయింది.
పిలిస్తే వినపడదు, వానపడినా తెలీదు.
లోపల మాత్రం సన్నగా,
పగలూ రాత్రీ
అదే కూత.

డాక్టరు మందు రాశాడు. నేను కొనలేదు.

సరిచేస్తానంటే చెయ్యండి, మీ ఇష్టం.
ముందు ఆ యంత్రం ఇటు పెట్టండి.
నేను ముక్కుతో పట్టి చూపిస్తాను,
దానికి కలపండి.