పాకం లేని కాజా

నెల కిందటే మొదలెట్టాను.
బాతులోళ్ళ దగ్గర పన్నెండు గుడ్లు కొని
ఉప్పునీళ్ళ జాడీలో ముంచి
మూతికి పాత చీరముక్క కట్టాను.
"ఊరగాయా?" అని పక్కింటి మంగాయమ్మ.
ఆయ్, ఊరగాయేనండి, అన్నాను.
జాడీలో చందమామలు ఊరుతున్నాయంటే
మండపేటలో ఎవరు నమ్ముతారు?

కువైట్ హోటల్లో నాది అంట్ల పని,
స్యూయింగ్‌ది పిండి బల్ల.
ఆవిడ చీనా నాకు రాదు, నా తెలుగు ఆవిడకి రాదు,
ఇద్దరికీ కలిపి పది అరబ్బీ ముక్కలు.
మాయ్ అంటే నీళ్ళు.
షువై షువై అంటే మెల్లమెల్లగా.
పిండికి ఆ రెండూ చాలు.

ఓ పున్నమి రాత్రి షిఫ్టు దిగాక
రెండు ముద్దలు పక్కపక్కన పెట్టింది.
ఒకటి నీళ్ళతో, ఒకటి కొవ్వుతో.
వాళ్ళూళ్ళో అయితే పందికొవ్వేనట,
డాల్డా డబ్బా వంక చూసి ఓ నిట్టూర్పు విడిచి
నీళ్ళపిండి పొత్తిళ్ళలో కొవ్వుపిండిని చుట్టి
ఒత్తింది, మడిచింది, చుట్టింది,
మళ్ళీ ఒత్తింది.
నా చేతిలో గిన్నె జారిపోయింది.

ఈ మడత నాకు తెలుసు.

తాపేశ్వరంలో కాజా బల్ల దగ్గర
మా నాన్న ముప్పై ఏళ్ళు మడిచిన మడత.
గుమ్మం ఇవతల నుంచుని
నేను కళ్ళతో మడిచిన మడత.
"ఆడపిల్ల చెయ్యి వెచ్చన, నెయ్యి కరిగిపోద్ది" అని
ఒక్కనాడూ ముట్టనివ్వనిది.

స్యూయింగ్ నా చేతులు పట్టుకు చూసింది.
అంట్లు తోమీ తోమీ చల్లబడిపోయిన చేతులు.
"జేన్" అంది.
బావున్నాయి, అని.

ఇవాళ భాద్రపద పున్నమి.
పెసరపప్పు ఉడికించి, బెల్లం వేసి, పూర్ణం దగ్గరపడనిచ్చాను.
ఎండబెట్టి దంచిన శంఖుపూల పొడి
నెయ్యిపిండిలో కలిపాను.
చుట్టని అడ్డంగా కోస్తే
తెలుపు నీలం తెలుపు నీలం,
వరద రోజుల్లో గౌతమి మీద సుడి!
ఆ సుడిని అరచేత పరిచి
పూర్ణం పెట్టి, పూర్ణం కడుపులో ఉప్పుసొన పెట్టి
మూతి మూశాను.
మసాలా డబ్బాలోంచి అనాసపువ్వు తీసి
బీట్‌రూట్ రసంలో ముంచి
సుడి నడుమ ఒక్క అద్దు.
ఎనిమిది రేకులు ఎర్రగా పడ్డాయి.
ఈ చెక్కపువ్వుదీ వాళ్ళ దేశమేనట.
ఎప్పుడు ఏ ఓడ దిగిందో,
మన వంటింట్లో పనికి కుదిరిపోయింది.

మొదటి వాయి కుక్కర్లో పెట్టాను,
అడుగు బొగ్గు, పైన పచ్చి.
ఆరు పోయాయి.
మిగతా ఆరు పళ్ళెంలో పెట్టుకుని
చీకట్లో బాషా బేకరీకి నడిచాను.
"బన్నులు తీసేశాను, పొయ్యి ఇంకా వేడిగానే ఉంది,
పెట్టుకోమ్మా" అన్నాడు.
డబ్బులిస్తే తీసుకోలేదు, ఒకటి తీసుకున్నాడు.

అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో నాన్న.
వణికే వేళ్ళతో విరిచాడు.
పొరలు పొరలుగా రాలి లుంగీ నిండా పడ్డాయి.
"పాకం ఏదే?"
దీనికి పాకం ఉండదు నాన్నా.
"పాకం లేని కాజా ఏం కాజా?"
లోపలి సొన కనపడింది, పచ్చగా, గుండ్రంగా.
"మిఠాయిలో గుడ్డేంటే, అప్రాచ్యపు పని!"
అంటూనే తినేశాడు.
తడివేలితో లుంగీ మీది పొరలు ఒక్కోటీ అద్దుకుని
నాలిక మీద పెట్టుకున్నాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
లెక్కపెడుతున్నాడని నాకు తెలుసు.

"ఎన్ని మడతలేశావు?"
మూడు.
"ఇంకోటి పడుద్ది."

తలెత్తి చంద్రుడి వంక చూడలేదు,
నా చేతుల వంక చూశాడు.
"పొద్దున్నే కలుపు.
ఎండెక్కితే
ఎవడి చేతిలోనైనా కరుగుద్ది నెయ్యి."