ఆరున్నొకటి

లారీ వెనక్కొచ్చి ప్లాట్‌ఫారానికి ఆనింది.
తేజా కాయ, మూడొందల ఇరవై టిక్కీలు.
సైదులు భుజం మీద తువ్వాలు సర్దుకుని
లెక్క మొదలుపెట్టాడు.
"ఒకటి."

నా పెన్ను ఆగింది.

పద్దెనిమిదేళ్లుగా ఈ కోల్డ్ స్టోరేజీలో
మొదటి టిక్కీ ఒకటి కాదు, లాభం.
లా... భం అని సాగదీసేవాడు
చిలకలూరిపేట రోడ్డు మీద పోయే బస్సుక్కూడా వినపడేట్టు.
రెండు, మూడు అంటూ ఆరు దాకా వచ్చి
ఏడు మాత్రం అనేవాడు కాదు.
"పొద్దున్నే నన్ను ఏడవమంటావేందయ్యా గుమస్తా,
రాసుకో, ఆరున్నొకటి."
వెయ్యిసార్లు విన్న మాటే.
తొడేలు తీసే ఆడవాళ్లు వెయ్యిసార్లూ నవ్వేవాళ్లు.

ఇవాళ ఏడు అన్నాడు.
గడియారం చూసి టైము చెప్పినట్టు.

అప్పుడు వెనక్కి తిరిగి చూసుకున్నాను.
టీ నీళ్లలా ఉందని సంక్రాంతికి ముందు పెద్ద గొడవ,
గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టి
"నువ్వు తాగి చెప్పు" అంది దీవెనమ్మ.
ఇప్పుడు అంతకంటే పల్చన.
తాగుతున్నారు, గ్లాసులు బోర్లిస్తున్నారు.
మూడో ఛాంబరు తలుపు జానెడు తెరిచే ఉంటోంది,
వైశాఖపు ఎండలోకి చల్లదనం కారిపోతోంది.
ఒకప్పుడు అటు పోయేవాడెవడైనా
భుజంతో ఒక్క తోపు తోసేవాడు.
పోయిన వారం నేనే నాలుగు టిక్కీలు ఎక్కువ రాశాను.
నా తప్పు పట్టుకోవడం సైదులుకి పండగ.
చూశాడు. సంతకం పెట్టాడు.

శనివారం ఓనరు గారు ఫోన్లో అడిగారు,
"గొడవలేం లేవుగా?"
లేవండీ అన్నాను.
"చూశావా, మెషిన్ పెట్టాక దారికొచ్చారు."
అవునండీ అన్నాను.

మెషిన్ గోడకుంది, పాలడబ్బా అంత.
వేలు పెడితే లోపల్నించి ఓ ఆడపిల్ల మాట్లాడుతుంది.
మిరప ఘాటు తిన్న వేళ్లకి గీతలుండవు.
"దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంటుంది.
మళ్లీ. మళ్లీ.
మూడుసార్లయ్యాక సగం పూట.
నా వేలు పెట్టగానే
"ధన్యవాదాలు" అంటుంది.

సగం పూట అని రాసింది మెషిన్ కాదు.
నీలం ఇంకు, నా దస్తూరి.
మొదటిసారి కోత పడ్డ రోజు
దీవెనమ్మ వచ్చి రెండు చేతులూ నా ముందు చాపింది.
"చూడు" అంది.
నేను రిజిస్టరు చూశాను.
ఆ తర్వాత ఆమె నాతో
సంచులు, పురికొస, లైటు పోయింది,
ఇవి తప్ప ఇంకేం మాట్లాడలేదు.
నేనది మర్యాద అనుకున్నాను.

టీ వేళకి సైదులు పక్కన కూర్చున్నాను.
"లాభం అనడం మానేశావేం?"
తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.
"ఎవురికి?"

కోపంగా అన్నా బాగుండేది.
కోపానికి నా దగ్గర జవాబులున్నాయి,
ఓనరు గారి పేరుంది, రూలుంది,
నాకూ ఇద్దరు పిల్లలున్నారు.
ఊరికే అడిగాడు. టీ ఊదుకున్నాడు.

రెండో లారీ వచ్చింది.
మొదటి టిక్కీ కిందికి దిగుతుంటే
లాభం! అని నేనే అరిచాను.
గొంతు సరిగా రాలేదు.
ఎవరూ తల తిప్పలేదు,
దీవెనమ్మ చేతిలో కాయ మాత్రం ఒక్క క్షణం ఆగింది,
లేదా నాకలా అనిపించింది.

రెండు. మూడు. నాలుగు.
అయిదు. ఆరు.

కొక్కెం టిక్కీలో దిగబడి ఉంది.
సైదులు నా వైపు చూశాడు.
నేను పెన్ను ఎత్తి పట్టుకున్నాను.

"ఎనిమిది" అన్నాడు.

సాయంత్రానికి అతని లెక్కకీ నా లెక్కకీ
ఒక టిక్కీ తేడా.
దిద్దబుద్ధి కాలేదు.
అలాగే ఉంచి, ఇంటికెళ్లబోతూ
మెషిన్‌లో వేలు పెట్టాను.