గుంజ

క్వార్టర్సు వెనక బట్టలారేసే తీగకి
ఒక కొస వేపమానుకి, ఇంకో కొస రైలుపట్టా ముక్కకి.
నాలుగు తరాల తడిగుడ్డలకి
వంగింది వేపే.

పట్టా పక్కటెముక మీద ఉబ్బెత్తు అక్షరాలు.
మా నాయనమ్మ జీవరత్నానికి చదువు రాదు.
జొరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు తడిమి
"ఇది దొరల ఊరు, ఇది ఏడు" అనేది.
గ్యాంగులో చేరాక నేను చదివాను:
ఉక్కు కంపెనీ పేరు, పద్దెనిమిది వందల ఎనభై...
చివరి అంకెని తుప్పు తినేసింది.

ఓడలో వచ్చిందట. ఏ రేవులో దించారో,
ఏ కాలవ పట్టించి తెచ్చారో.
అప్పటిదాకా ధాన్యమైనా పెళ్లివారైనా
కాలవల మీదే కదా.
పట్టాలు మోసుకొచ్చిన పడవకి తెలీదు
తన పాడె తానే మోస్తున్నానని.

తర్వాత కృష్ణ మీద వంతెన.
ఇసుకలో ఇటుక బావులు కట్టి
లోపల మనిషి దిగి తవ్వుతుంటే
బావి తన బరువుకి తానే కూరుకుపోయేది.
ఆ మనుషుల్లో మా ముత్తాత యేసోబు ఒకడు.
కూలి రెండణాలు. నాయనమ్మకి కోపమొస్తే అణాన్నర.
ఒకనాడు బావి ఒరిగింది.
తట్ట పైకొచ్చింది, తట్ట నింపినవాడు రాలేదు.
ముత్తాత కాదు, ఆయన పక్కవాడు.
అతని పేరు మా ఇంట్లో
మూడు రకాలుగా చెప్పుకుంటారు.

అటు మద్రాసు నుంచి పెద్దబాట,
ఇటు గుంటూరు నుంచి సన్నబాట.
బెజవాడలో రెండూ ఎదురుపడ్డాయి గానీ
ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు.
మిరప బస్తా దించు, మిరప బస్తా ఎత్తు.
పట్టాల మధ్య ఆ రెండడుగుల తేడాలో
ఎన్ని కుటుంబాల బియ్యం ఉడికిందో!
సన్నబాట పెద్దదైన రోజు
ఇంజనుకి బంతిపూల దండలు, బ్యాండుమేళం.
హమాలీ నాసరయ్య తలగుడ్డ విప్పి,
దులిపి, మడత పెట్టుకుని ఇంటికెళ్లాడు.

మా తాత బర్నబాసు లోకోషెడ్డులో బొగ్గు మనిషి.
దగ్గితే జేబురుమాలు మీద షెడ్డు కనిపించేది.
అయినా డీజిలంటే గిట్టేది కాదు:
"కుయ్యనదు, కసరదు, లారీలా హారనేస్తది,
అదేం బండే?"
కరెంటు తీగలు పడేనాటికి లేడు.
ఉంటే వాటికీ ఏదో ఒక వంక పెట్టేవాడు.

సత్యనారాయణపురంలో పట్టాలు పీకి రోడ్డేశారు.
సాయంత్రం అక్కడ పునుగుల బండి దాకా నడిచినా
నా కాళ్లు స్లీపరు ఎడానికే అడుగేస్తాయి.
మా ఆయన నవ్వుతాడు.

నవ్వనీ. రాత్రి డ్యూటీ నాది.
సుత్తి, పానా, రెండు జెండాలు, దీపం,
పొగమంచుకి టపాకాయల డబ్బా.
వంతెన మీద రెఫ్యూజులో ఒదిగి నిలబడితే
తెల్లబండి నూటముప్పైలో చీరుకుపోతుంది.
ఒక్క కిటికీ ముఖమూ అందదు.
పోయాక నది మళ్లీ వినబడుతుంది.
పక్కనే గర్డర్లు దించేసిన పాత స్తంభాలు,
నెత్తిన రెక్కలారేసుకునే నీటికాకులు.
అతను దేని కింద ఉన్నాడో తెలీదు.
దీపం ఒకసారి అన్నింటి మీదా తిప్పుతాను,
డ్యూటీలో లేని పని అది.

పోయిన నెల ఒక ఆఫీసరు గారొచ్చారు.
"ఈ ముక్క చాలా పాతదమ్మా, స్టేషను ముందు
తోటలో పెడతాం, పక్కన బోర్డు రాయిస్తాం."
"బోర్డు మీద ఏం రాస్తారు సార్?"
"కంపెనీ పేరు, సంవత్సరం."
"తీగకి ఇంకో గుంజ పాతించి తీసుకెళ్లండి" అన్నాను.

ఇద్దరు కుర్రాళ్లు గునపాలు వేశారు.
మోకాలి లోతు. నడుం లోతు.
పాతినవాళ్లెవరో గాని గట్టిగానే పాతారు,
అడుగు దొరకలేదు.
పొద్దుపోయింది, రేపొస్తామని వెళ్లారు.

గొయ్యి చుట్టూ తిరిగి వెళ్లి
తడి యూనిఫాం దాని మీదే ఆరేశాను.