బండి ఇంకా కదల్లేదు

పాత స్కూలు వ్యాను. వేలంలో కొన్నాము.
పసుపు మీద తెలుపు కొట్టించినా
ఎండ ఏటవాలుగా పడినప్పుడు
'పిల్లలున్నారు, జాగ్రత్త' అనే మాట
లోపలినుంచి పైకి తేలతాది.
కొర్లగుంటలో మా ఇంటి ముందర
టైర్ల కింద రాళ్లు పెట్టుకుని మూడు నెలలుగా నిలబడి ఉండాది.

చెంగల్రాయుడు మామ సీట్లన్నీ పీకేసినాడు.
బోల్టు గుంతలు మిగిలిన చోట మంచం వస్తాదంట,
మంచం కింద నీళ్ల ట్యాంకు,
ట్యాంకు పక్కన సిలిండరు,
సిలిండరుకు ఎదురుగా మా అత్త.
"నేనేమన్నా లగేజీనా?" అనింది ఆమె.

రాత్రి అన్నాలైనాక
పోయిన ఏడాది క్యాలెండరు తిరగేసి
దామోదరం దారి గీస్తాడు.
ఇరవై రెండేండ్లు కొండ మీదికి బస్సు నడిపిన చెయ్యి,
నేరుగా పోవాల్సిన చోట కూడా
పెన్సిలు ఎడమకు తిరుగుతాది, కుడికి తిరుగుతాది,
హారన్ కొట్టాల్సిన కాడ కాస్త ఆగుతాది.

తలకోనతో మొదలు.
"దానికెందుకు, ఆదివారం పోయి సాయంత్రానికి వచ్చేస్తాం కదా" అని లోహిత.
"మన అడివిని పలకరించకుండా మంది అడివికి పోతే బాగుండదు" అని వాళ్ల నాయన.
ఆపైన బందిపూర్, ముదుమలై,
నాగరహొళె (మా నందు నోట్లో అది నాగరవోలు),
ఇంకా పైకి పోతే తడోబా, కాన్హా.
నలభై రోజుల లీవు.
డీజిలు లెక్క నాది.
చీటీ డబ్బులు ఆగస్టులో వస్తాయి,
వానాకాలం అడవులు మూసేస్తారంట.
"అడివికి తాళం యాడ వేస్తారు?" అని నందు.
నష్టానికైనా సరే, ఈ నెల పాట నేనే పాడుకోవాల.

"బందిపూర్ దారి రాత్రి తొమ్మిదికి మూసేస్తారు,
ఏనుగులు దాటాల కదా" అన్నాడు దామోదరం.
అంతదాకా చెనిక్కాయలు ఒలుస్తా ఉన్న అత్త
తలెత్తింది.
"మాకెవురూ మూయలేదే."

పలమనేరు అవతల, అడివి అంచున, టమాటా తోట.
పదకొండు రాత్రులు ఆమె
నూనె డబ్బా మీద కర్రతో కొడతా కూర్చునింది.
పన్నెండో రాత్రి కన్నంటుకునింది.
తెల్లారి చూస్తే కాయ లేదు, కట్టె లేదు,
గుండ్రటి గుంతల్లో నీళ్లు నిలిచి
గుంతకొక ఆకాశం.
"ఒక్క దాంట్లో నా కాళ్లు రెండూ పట్టినాయి" అనింది.
"దాన్ని చూసేదానికి టిక్కెట్టా? ఎంత?"
ఎవరమూ చెప్పలేదు.
ఆ రాత్రికి నేను లెక్కల కాగితం మడిచేసినా.

శనివారం ట్రయలు.
వీధిలోనే, వ్యానులోనే పడుకున్నాం అయిదుగురమూ.
మామ బిగించిన ఫ్యాను తిరిగింది, ఆలోచించింది, ఆగింది.
ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలీలేదు.
ఎదురింటి సుగుణక్క తలుపు తీసి
"ఏంది, ఇల్లు కారతా ఉందా?" అని అడిగింది.
కిటికీలో కొండ. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు.
దామోదరం వాటినే చూస్తా అన్నాడు:
"అన్నేండ్లు ఆ అడివిలోనే తిరిగినా.
ఒక్కనాడు పక్కకు చూసింది లేదు.
చూస్తే యాభై మంది లోయలో ఉంటారు."
నాతో చెప్పినాడో, స్టీరింగుతో చెప్పినాడో.

పిల్లోళ్లు నిద్రపోయినారనుకున్నాం.
సిలిండరు పక్కనుంచి అత్త గొంతు:
"అవి ఏదీ మర్చిపోవంట కదా.
నన్ను గుర్తు పడతాయా?"

నవ్వొచ్చే మాటే. ఎవరికీ రాలేదు.
లోహిత సెల్లు లైటు వేసి జాబితా విప్పింది.
దోమతెర, రాగిపిండి, ఊరిబిండికి కారం,
ఆర్సీ జిరాక్సు, నందుకు వాంతుల మాత్రలు.
"ఇంకేమైనా ఉందా జేజీ?"

"నూనె డబ్బా ఒకటి రాసుకో" అనింది.
కాసేపాగి,
"కర్ర వద్దులే. అక్కడ దొరుకుతాది."